తుంటి కీలు మార్చిన 18 ఏళ్లకు మళ్లీ నొప్పి: అరిగిందంటున్నారు, తెలిసినవారు చెప్పండి

పెన్నా_గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారి విషయంలో సలహా కోసం రాస్తున్నాను. ఆయనకు 71 ఏళ్లు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చిపోయిందని 2007లో చెన్నైలో కుడి తుంటి కీలు మార్చారు. ఆ తర్వాత ఆయన తిరగని చోటు లేదు. మళ్లీ డ్యూటీకి వెళ్లారు, మా అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లు దగ్గరుండి చేశారు, నరసింహకొండ ఎక్కారు. ఆ కాలి సంగతి మేమూ మరిచిపోయాం, ఆయనా మరిచిపోయారు.

మొన్నటి సంక్రాంతి నుంచి తేడా కనిపిస్తోంది. మంచం మీద నుంచి లేచి, పట్టె పట్టుకుని కాసేపు అలాగే నిలబడతారు. మొదటి నాలుగడుగులు పళ్ల బిగువున వేస్తారు. వాకిలి దాటేసరికి మామూలుగా నడుస్తారు. తొడ మధ్యలో పోటు అంటారు, ఒక్కోసారి గజ్జల్లో అంటారు. ఈ మధ్య పంచె అంచు కుడివైపు మాత్రమే నేలకు రాసుకుని మాసిపోతోందని అమ్మ గమనించింది.

నెల్లూరు పొగతోటలోని ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాం. లోపలి ప్లాస్టిక్ అరిగింది, చుట్టూ ఎముక కూడా కరుగుతోంది, మళ్లీ ఆపరేషన్ చేయాలి అన్నారు. ఇంకో డాక్టరేమో ఈ వయసులో వద్దు, నొప్పి మాత్రలతో నెట్టుకురండి అన్నారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. 18 ఏళ్లకు అరగడం మామూలేనా? కొన్నేళ్ల క్రితం పేపర్లలో వచ్చిన ఆ లోహపు కీలు ఇదేనేమో అని ఇంకో భయం. పాత ఫైలు బీరువాలో ఎక్కడో ఉండాలి, వెతుకుతున్నాను.

ఒంగోలు_గిత్త

నాకు 2009లో ఎడమ తుంటి మార్చారు. నేటికీ పొగాకు చేలో తిరుగుతున్నాను. ఇంతవరకు మళ్లీ ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు, ఎక్స్‌రే ముఖం చూడలేదు. 71 ఏళ్ల మనిషిని మళ్లీ కోయించడమంటే కొరివితో తల గోక్కోవడమే. నాలుగడుగులు వేశాక సర్దుకుంటోందని మీరే అంటున్నారుగా. ఒక చేతికర్ర కొనివ్వండి, చాలు.

రొయ్యల_చెరువు (ముత్తుకూరు)

ఆపరేషన్‌కు ముందు ఒకసారి పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించి చూడండి. మా పెదనాన్న చెయ్యి విరిగితే వాళ్ల కట్టుతోనే అతుక్కుంది.

ఎముకల_వైద్యం (ఒంగోలు)

ఫిల్మ్ చూడకుండా మీ నాన్నగారికి ఏమి చేయాలో నేను చెప్పను. ఆయన కాలిలో ఏమి జరుగుతూ ఉండవచ్చో మాత్రం చెబుతాను.

మార్చిన కీలులో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. తొడ ఎముక బోలులోకి దిగే కాడ, దాని మెడ మీద కూర్చునే బంతి, కటి ఎముకలో బిగించే లోహపు గిన్నె, ఆ గిన్నెలో అమరే పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ లోపలి పొర, అంటే లైనర్. బంతి తిరిగేది లైనర్ మీదే, కాబట్టి అరిగేదీ అదే. మామూలుగా తిరిగే మనిషి ఒక్కో కాలితో ఏడాదికి సుమారు 10 లక్షల అడుగులు వేస్తాడని లెక్క. పాతరకం పాలిథిలిన్ ఏడాదికి 0.1 మిల్లీమీటరుకు అటూ ఇటూగా అరుగుతుంది. అంటే 18 ఏళ్లకు రెండు మిల్లీమీటర్లు కూడా కాదు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అరిగిన ఆ పదార్థం ఎక్కడికి పోతుంది?

ఎక్కడికీ పోదు. చాలావరకు మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న రేణువులుగా కీలు చుట్టూనే పోగవుతుంది. ఒంట్లోని మాక్రోఫేజ్ కణాలు వాటిని పరాయివిగా ఎంచి మింగుతాయి. సూక్ష్మజీవులనైతే అరిగించుకుంటాయి గానీ ప్లాస్టిక్‌ను అరిగించుకోలేవు. మింగలేక కక్కలేక అవి విడుదల చేసే రసాయనాలు, ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. అలా గిన్నె వెనక, కాడ చుట్టూ ఎముక కరిగి గుంటలు పడతాయి. దీన్నే ఆస్టియోలైసిస్ అంటాం. ఒకప్పుడు ఈ నేరాన్ని కీలును ఎముకకు అతికించే సిమెంటు మీద మోపి ‘సిమెంటు జబ్బు’ అన్నారు. సిమెంటు లేకుండా బిగించిన కీళ్లలోనూ ఇదే జరిగాక అసలు దొంగ దొరికింది.

ఒంగోలు_గిత్త గారూ, ఎముక కరిగేటప్పుడు నొప్పి ఉండదు. గిన్నె గానీ కాడ గానీ వదులైనప్పుడో, పలచబడిన ఎముక చిన్న దెబ్బకే విరిగినప్పుడో తెలుస్తుంది. అప్పటికి కొత్త కీలు బిగించడానికి గట్టి ఎముక మిగలకపోవచ్చు. నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీయించుకోమనేది అందుకే. మొదటి ఏడాది ఒకసారి, ఐదేళ్లకు ఒకసారి, పదేళ్లు దాటాక రెండు మూడేళ్లకోసారి తీయించుకుంటే మంచిది.

పెన్నా_గట్టు గారూ, లేవగానే మొదటి అడుగుల్లో వచ్చి తర్వాత సర్దుకునే నొప్పి, వదులైన కీలుకు తరచూ కనిపించే లక్షణం. తొడ మధ్యలో అయితే కాడను, గజ్జల్లో అయితే గిన్నెను అనుమానిస్తాం. పంచె అంచు సంగతి మీ అమ్మగారు గమనించడం చాలా మంచిదైంది. గిన్నె పైకి జరిగినా, కాడ కిందికి దిగినా కాలు పొట్టి అవుతుంది. సర్జనుకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

అన్నిటికంటే ముందు తేల్చవలసింది ఇన్ఫెక్షన్ ఉందా లేదా అని. షుగర్ పుండు నుంచో, మూత్రనాళం నుంచో సూక్ష్మజీవులు రక్తంలో వెళ్లి ఏళ్ల తర్వాత కూడా కృత్రిమ కీలులో చేరవచ్చు. అప్పుడూ కీలు వదులవుతుంది, ఎక్స్‌రే దాదాపు ఇలాగే ఉంటుంది. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. అవి ఎక్కువగా ఉంటే కీలులోంచి నీరు తీసి, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్‌కు పంపుతారు. ఆ నీరు తీయకముందే ఎవరైనా యాంటీబయాటిక్ మొదలుపెడితే కల్చర్‌లో ఏమీ దొరకకపోవచ్చు.

నొప్పి మాత్రలతో నెలల తరబడి నెట్టుకురావడం 71 ఏళ్ల కిడ్నీలకు మంచిది కాదు. పుత్తూరు కట్టు మాటంటారా, అక్కడ విరిగిన ఎముక లేదు, వదులైన లోహం ఉంది. ఎముక పలచబడిన చోట లాగి తోమితే విరగని ఎముకను విరగ్గొట్టుకున్నట్టవుతుంది.

నల్ల_గెలాక్సీ (చీమకుర్తి)

గ్రానైట్ కోసే యంత్రాల మోటార్లు బాగుచేయడం నా పని. బుష్ అరిగిన మోటారు విప్పితే గ్రీజులో ఇత్తడి పొడి మెరుస్తూ ఉంటుంది, ఆ పొడే మిగతా భాగాలనూ తినేస్తుంది. డాక్టరుగారు చెప్పింది అచ్చం అదే. ఒక సందేహం. మెత్తని ప్లాస్టిక్ ఎందుకు? బంతీ గిన్నే రెండూ గట్టి లోహంతో చేసి నున్నగా పాలిష్ పడితే సరిపోదా?

ఎముకల_వైద్యం

మీకు వచ్చిన ఆలోచనే ఇంజినీర్లకూ వచ్చింది. 2000 తర్వాత కొన్నేళ్లు లోహం మీద లోహం తిరిగే కీళ్లు బాగా అమ్ముడుపోయాయి. కొలిస్తే అరుగుదల నిజంగానే తక్కువ. కానీ రాలే రేణువులు ప్లాస్టిక్ రేణువుల కంటే ఎన్నో రెట్లు చిన్నవి, సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువ. వాటి నుంచి కోబాల్ట్, క్రోమియం అయాన్లుగా రక్తంలో కలుస్తాయి. కొందరిలో కీలు చుట్టూ కండరం చచ్చిపోయి, ద్రవం నిండిన గడ్డలు కట్టాయి. సూడోట్యూమర్ అంటాం, అది క్యాన్సర్ కాదు. రక్తంలో కోబాల్ట్ బాగా పెరిగిన అరుదైన సందర్భాల్లో వినికిడి, చూపు, థైరాయిడ్, గుండె కండరం కూడా దెబ్బతిన్నాయి. లీటరు రక్తంలో ఈ లోహాలు 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తపడాలని బ్రిటన్ నియంత్రణ సంస్థ 2010లో హెచ్చరించింది.

పేపర్లలో వచ్చినది ఏఎస్ఆర్ అనే రకం. 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో వాడారు. కేంద్ర ప్రభుత్వం 2017లో నిపుణుల సంఘం వేసింది. 2018లో వయసును, వైకల్యాన్ని బట్టి పరిహారం లెక్కకట్టే పద్ధతిని ప్రకటించింది. 2007లో జరిగింది కాబట్టి పెన్నా_గట్టు గారి అనుమానం కొట్టిపారేయదగినది కాదు. ఫైలు దొరికితే తేలిపోతుంది.

సిరామిక్ సంగతి కూడా అడుగుతారని తెలుసు. సిరామిక్ మీద సిరామిక్ అన్నిటికంటే తక్కువ అరుగుతుంది. ఎప్పుడో అరుదుగా పగులుతుంది, కొందరిలో కిర్రుమంటుంది. పగిలినప్పుడు మాత్రం దాని స్థానంలో లోహపు బంతి పెట్టకూడదు. ఎంత కడిగినా మిగిలే సిరామిక్ నలుసులు లోహాన్ని గీకి పాడుచేస్తాయి.

పొదిలి_మాస్టారు

భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి, ఈ చర్చ చూసి ఊరుకోలేకపోతున్నాను. ఆధునిక తుంటి కీలును తయారుచేసిన జాన్ చార్న్‌లీ ఇంగ్లండ్‌లోని రైటింగ్‌టన్ ఆసుపత్రి సర్జను. ఆయన మొదట గిన్నెకు వాడింది టెఫ్లాన్, మన దోసె పెనాలకు పూసేదే. జారుడు గుణంలో దానికి సాటి లేదు. కానీ మూడు నాలుగేళ్లలో దారుణంగా అరిగిపోయి, వాటిని పెట్టిన చేతులతోనే ఆయన తీయవలసి వచ్చింది. ఆ పొడి ఒంటిని ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి టెఫ్లాన్ రేణువులను తన తొడలోకే ఎక్కించుకుని చూశాడు. 1962లో పాలిథిలిన్‌కు మారాక గానీ కథ గాడిన పడలేదు. బంతిని కూడా కావాలనే చిన్నది పెట్టాడు, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు, అంటే 22 మిల్లీమీటర్ల పైచిలుకు. వ్యాసార్థం తగ్గితే ఘర్షణ వల్ల పుట్టే టార్క్ (మెలితిప్పే ప్రభావం) తగ్గుతుందని తొమ్మిదో తరగతి పిల్లలకు ఇదే ఉదాహరణ చెప్పేవాణ్ణి.

ఇక సొంత సంగతి. మాది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వివరించింది ఈ గడ్డ మీదే. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవి. నాకు తుంటి మార్చాక ఏడెనిమిదేళ్లకు పిరుదులో నొప్పి మొదలైంది. కీలు అరిగిపోయిందని ఇంట్లో అందరూ నిర్ణయించేశారు. తీరా ఎక్స్‌రేలో కీలు చెక్కుచెదరలేదు. ఫ్లోరోసిస్ వల్ల వెన్నెముక లిగమెంట్లు గట్టిపడి నరాన్ని నొక్కుతున్నాయట. కాబట్టి తుంటి మార్చిన కాలు నొప్పి పెట్టినంత మాత్రాన తప్పు కీలుదే అనుకోనక్కరలేదు. మా వైపు వాళ్లు నడుము ఎక్స్‌రే కూడా అడిగి తీయించుకోండి.

ఓటీ_అక్క (నెల్లూరు)

ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చాలా ఏళ్లు చేశాను. అరిగిన లైనర్ ఎలా ఉంటుందో చెబితే ఒంగోలు అన్నగారికి అర్థమవుతుందేమో. కొత్తది తెల్లగా, అన్ని వైపులా సమానమైన మందంతో ఉంటుంది. తీసినదాన్ని ట్రేలో పెట్టి చూస్తే పసుపు తిరిగి ఉంటుంది. ఒక పక్క మందం అలాగే ఉంటుంది. బరువు పడిన పై పక్క మాత్రం లైటు కింద పట్టుకుంటే అవతలి వేలి నీడ తెలిసేంత పలచబడి, అంచు చిట్లి ఉంటుంది. దాని వెనక ఎముక గుంటల్లో గోధుమరంగు మెత్తటి పదార్థం నిండి ఉంటుంది. సర్జన్లు దాన్ని చెంచాలాంటి క్యూరెట్‌తో తోడుతూనే ఉంటారు. లోహం లోహం రాసుకున్న కీలైతే అదే పదార్థం నల్లగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మనిషి లోపల ఇంత నలుపా అనుకున్నాను.

పెన్నా_గట్టు అమ్మా, ఫైలులో డిశ్చార్జి కాగితం ఒక్కటే చూసి ఆగిపోవద్దు. ఆపరేషన్ నోట్సు వెనకో, బిల్లు వెనకో చిన్న చిన్న స్టిక్కర్లు అంటించి ఉంటాయి. కాడకు, బంతికి, గిన్నెకు, లైనర్‌కు దేని స్టిక్కరు దానిదే. తయారీదారు, కొలత, రెఫరెన్సు నంబరు, లాట్ నంబరు అన్నీ వాటి మీదే ఉంటాయి.

కావలి_స్టేషన్

నాకు రెండేళ్ల క్రితం రివిజన్, అంటే మార్చిన కీలునే మళ్లీ మార్చే ఆపరేషన్, జరిగింది. ఉన్నమాట చెబుతాను. మొదటి ఆపరేషన్‌తో దీనికి పోలిక లేదు. ఎక్కువసేపు పట్టింది, రక్తం ఎక్కించారు, ఖర్చు మొదటిదానికి రెట్టింపు దాటింది. కటి ఎముకలో పడిన గుంటలను దాతల ఎముక ముక్కలతో నింపి, పెద్ద గిన్నెను స్క్రూలతో బిగించారు. ఎముక కుదురుకునేదాకా ఆ కాలి మీద పూర్తి బరువు మోపనివ్వలేదు. వాకర్‌తో నడుస్తుంటే మనవడు నా ముందు పరిగెత్తి వెక్కిరించేవాడు.

అసలు ఇబ్బంది ఇంటికి వచ్చాక మొదలైంది. బంధువులు వస్తే మర్యాదకు పీట మీద కూర్చోబోయాను, బంతి గిన్నెలోంచి జారింది. ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. మళ్లీ అంబులెన్సు, మళ్లీ మత్తు, కీలును లోపలికి తోశారు. రివిజన్ తర్వాత ఈ జారుడు ముప్పు ఎక్కువని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. వెస్టర్న్ టాయిలెట్, ఎత్తైన కుర్చీ, భోజనానికి బల్ల అమర్చుకోండి. విస్తరి ముందు నేల మీద కూర్చోమని బతిమాలే పెద్దలు ప్రతి పెళ్లిలోనూ ఉంటారు, వాళ్లతో జాగ్రత్త.

ఇంత చెప్పి చేయించుకోవద్దంటానా? అనను. ఈ రోజు స్టేషన్ దాకా నడిచి వెళ్లి పేపరు తెచ్చుకున్నాను.

ఒంగోలు_గిత్త

రక్తం ఎక్కించడం, ఎముకలు అతికించడం, మళ్లీ జారడం... నేను వద్దన్నది ఇందుకే కదా.

కావలి_స్టేషన్

ముందే చూపించుకుని ఉంటే లైనర్ ఒక్కటి మారిస్తే సరిపోయేదని మా సర్జను అన్నారు. మీరు ఆ వాక్యం దగ్గర కూడా కాస్త ఆగండి.

పెన్నా_గట్టు

ఫైలు దొరికింది! స్టిక్కర్లు అక్క చెప్పినట్టే బిల్లు వెనక ఉన్నాయి. బంతి కోబాల్ట్-క్రోమ్, 28 మిల్లీమీటర్లు. గిన్నె సిమెంటు లేని రకం. లైనర్ పాలిథిలిన్. ఏఎస్ఆర్ అనే మాట ఎక్కడా లేదు. సగం భారం దిగింది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ మామూలుగానే వచ్చాయి. సీటీ స్కాన్ కూడా తీశారు. గిన్నె వెనక రెండు గుంటలున్నాయట, ఎక్స్‌రేలో కనిపించినదానికంటే పెద్దవట. కాడ చుట్టూ పైభాగంలో కూడా కొంత కరిగిందన్నారు.

ఇంకో మాట. బంధువులొకరు కీళ్లకు మంచిదని కొల్లాజెన్ పొడి డబ్బాలు తెచ్చిచ్చారు. వాడవచ్చా?

ఎముకల_వైద్యం

ఆ కీలులో మృదులాస్థి లేదు, లోహమూ ప్లాస్టిక్కూ ఉన్నాయి. పొడి వాటికి ఏమీ చేయదు. రేణువుల వల్ల ఎముక కరగడాన్ని ఆపుతుందని నిరూపణ అయిన మందు కూడా లేదు. రేణువులు పుట్టే చోటును మార్చడమే వైద్యం.

సీటీలో గుంటలు పెద్దగా కనిపించడం మామూలే, ఎక్స్‌రే వాటిని తక్కువ చేసి చూపిస్తుంది. ఇప్పుడు సర్జనును అడగవలసిన మొదటి ప్రశ్న గిన్నె గట్టిగా ఉందా, వదులైందా అని. గట్టిగా ఉంటే దాన్ని కదల్చకుండా లైనర్, బంతి మాత్రమే మార్చి, అందినంతమేర గుంటలను ఎముక ముక్కలతో నింపవచ్చు. వదులైతే గిన్నె మొత్తం మార్చాలి. కాడ సంగతీ అంతే. ఆయన తొడ నొప్పిని, కాలు పొట్టి కావడాన్ని బట్టి చూస్తే ఏదో ఒకటి కదులుతోందనే అనుమానం. కాడను కూడా తీయవలసి వస్తే తొడ ఎముకను నిలువుగా తెరవడం, పొడవాటి కాడ వేయడం వంటివి ఉంటాయి. అందుకని రివిజన్లు తరచుగా చేసే సర్జను దగ్గరికే వెళ్లండి. నెల్లూరైనా, చెన్నై అయినా, ఏటా ఎన్ని రివిజన్లు చేస్తారని అడగడానికి మొహమాటపడవద్దు.

బంతి లోహం కాబట్టి ఒకసారి రక్తంలో కోబాల్ట్ పరీక్ష చేయించమని కూడా అడగండి. లోహం మీద లోహం తిరిగే రకం కాకపోయినా, బంతి మెడ మీద కూర్చునే చోట తుప్పు పట్టి కోబాల్ట్ వదలడం అప్పుడప్పుడు చూస్తాం. అలాంటప్పుడు కోబాల్ట్ ఎక్కువగా, క్రోమియం తక్కువగా ఉంటుంది.

18 ఏళ్లకు అరగడం మామూలేనా అని మొదట్లో అడిగారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం తుంటి కీళ్లలో 25 ఏళ్లు నిలిచేవి సుమారు 58 శాతం. 1990ల చివర్లో వచ్చిన క్రాస్‌లింక్డ్ (అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేసిన) పాలిథిలిన్ చాలా తక్కువ అరుగుతుంది కాబట్టి ఈ తరం కీళ్ల లెక్క మెరుగ్గా ఉండాలి. మీ నాన్నగారి లైనర్ ఏ రకమో రెఫరెన్సు నంబరును బట్టి తెలుస్తుంది. యాభై మూడేళ్లకే కీలు మార్చుకుని, అలా తిరిగిన మనిషికి 18 ఏళ్లంటే ఆ లైనర్ తన జీతానికి మించే పనిచేసింది.

కోవూరు_ఫిజియో

ఆపరేషన్ తేదీ వచ్చేలోగా రెండు మాటలు. పడకుండా చూసుకోండి. పలచబడిన ఎముక బాత్రూములో జారినా కాడ చుట్టూ విరుగుతుంది, అప్పుడు పని రెండింతలవుతుంది. చేతికర్రను ఎడమ చేత్తో పట్టించండి. కుడి కాలు నొప్పి అని చాలామంది కుడి చేత్తోనే పట్టుకుంటారు, దానివల్ల తుంటి మీద భారం తగ్గదు.

రొయ్యల_చెరువు

డాక్టరుగారూ, పుత్తూరు మాట వదిలేస్తున్నాను. మా అమ్మ సంగతి అడగాలి. 2014లో తుంటి విరిగితే బంతి మాత్రమే వేశారు, గిన్నె వేయలేదు. ఆస్టిన్ మూర్ అని కాగితంలో ఉంది. ఇప్పుడు గజ్జల్లో నొప్పి, కూర్చుని లేవలేకపోతోంది. ప్లాస్టిక్కే లేనప్పుడు అరిగేదేమిటి?

ఎముకల_వైద్యం

అమ్మగారి సొంత ఎముకే అరుగుతుంది. ఆ రకంలో లోహపు బంతి నేరుగా కటి ఎముక గుంటలోని మృదులాస్థి మీద తిరుగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మృదులాస్థి పోయి, బంతి ఎముకను తొలుచుకుంటూ లోపలికి జరుగుతుంది. గజ్జల్లో నొప్పి దానికి తగ్గట్టే ఉంది. కటి మొత్తం కనిపించేలా ఎక్స్‌రే తీయించండి, వీలైతే పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూడమనండి. అవసరమైతే దాన్ని తీసి పూర్తి కీలు వేస్తారు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందేమో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

పెన్నా_గట్టు

నిర్ణయం అయిపోయింది. రివిజన్లు చేసే సర్జను దగ్గరికి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి వచ్చాం. గిన్నె వదులైందట, కాడ ఇంకా గట్టిగానే ఉందట. గిన్నె, లైనర్, బంతి మారుస్తారు. కాడను థియేటర్‌లో పరీక్షించి అప్పుడు నిర్ణయిస్తామన్నారు. కోబాల్ట్ మామూలుగానే ఉంది. నాన్న డాక్టరును ఒక్కటే ప్రశ్న అడిగారు, మళ్లీ స్టీరింగు పట్టవచ్చా అని. ఆర్టీసీ వాళ్లు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదని ఆయన నవ్వేశారు. రక్తం పలచబరిచే మాత్ర ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరును అడిగి రమ్మన్నారు, రేపు ఆ పని చూస్తాను.

ఒంగోలు_గిత్త

మా కోడలు ఈ చర్చంతా చదివి, నన్ను బండి ఎక్కించి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. బంతి గిన్నెకు నడిమధ్య లేదు, కాస్త పైకి జరిగి ఉంది, అంటే లైనర్ అరుగుతోంది అన్నారు. ఎముక ఇంకా బాగానే ఉందట, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. నొప్పి మాత్రం నేటికీ లేదు. ఆ మాట మీద నేను గట్టిగానే ఉన్నాను.

ఓటీ_అక్క

చాలా సంతోషం అన్నగారూ. మరి మీ స్టిక్కర్లు ఉన్నాయా?

ఒంగోలు_గిత్త

నాకు చేసిన ఆసుపత్రి మూతబడి చాలా కాలమైంది. ఇప్పుడక్కడ బట్టల దుకాణం ఉంది.

ఎముకల_వైద్యం

కాడ ఆకారం, మెడ, గిన్నెకున్న రంధ్రాలను బట్టి ఏ తయారీదారుదో ఎక్స్‌రే చూసి చాలాసార్లు పోల్చుకోవచ్చు. లైనర్ మాత్రం ఎక్స్‌రేలో కనిపించదు, దాని రకం తెలియదు. మీకు రేపు లైనర్ ఒక్కటే మార్చవలసి వస్తే, ఆ గిన్నెలో సరిగ్గా ఇమిడే అదే తయారీదారు లైనర్ దొరకాలి. దొరకకపోతే గట్టిగా ఉన్న గిన్నెను కూడా పీకవలసి రావచ్చు, లేదా అందులో కొత్త లైనర్‌ను సిమెంటుతో అతికించవలసి వస్తుంది. కాబట్టి ఇప్పుడే ఆరా తీయడం మేలు. బీమా క్లెయిము చేసి ఉంటే స్టిక్కర్ల నకలు వాళ్ల దగ్గర ఉండవచ్చు.

ఒంగోలు_గిత్త

బీమా గీమా ఏమీ లేదు, ఆ ఏడాది పొగాకు డబ్బుతో చేయించుకున్నాను. బిల్లు మాత్రం ట్రంకుపెట్టెలో వేలం చీటీలతో కలిపి కట్టి ఉంది. రేపు విప్పి ఫొటో పెడతాను, చూసి చెప్పండి.